భోజనం బంతిలో పక్కన కూర్చోనంటున్న పిల్లలకు తేడాల గురించి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి

ఒడిశాలోని గుణుపురం దగ్గరి ప్రాథమిక బడిలో ఒకటి, రెండు తరగతులు కలిపి చెబుతున్న టీచర్ గారు అడిగింది క్లుప్తంగా ఇదీ. తరగతిలో 30 మంది. తెలుగు ఇళ్ళ పిల్లలు, ఒడియా ఇళ్ళ పిల్లలు, సవర పిల్లలు, కొద్దిమంది కంధ పిల్లలు. మధ్యాహ్నం బువ్వ దగ్గర ముగ్గురు పిల్లలు ఒక సవర పాప పక్కన కూర్చోవడం లేదు. ఎవరైనా తమ ఇంటి మాట మాట్లాడితే మిగతావాళ్ళు నవ్వుతున్నారు. ఆగస్టు 15కి రకరకాల వేషాలు వేయించి ‘భిన్నత్వంలో ఏకత్వం’ కార్యక్రమం చేయమని పైనుంచి చెప్పారు. ఇంత చిన్న వయసులో ఈ సంగతులు అర్థమవుతాయా? ఎక్కడ మొదలుపెట్టాలి?

టీచర్ గారూ, భోజనం దగ్గర మొదలుపెట్టండి, అదీ ఈ సోమవారం నుంచే. వేషాల సంగతి తర్వాత చెబుతాను.

వయసు గురించి ముందు ఒక మాట. మూడేళ్ళకే పిల్లలు ఒంటి రంగు, మాట తీరు, బట్ట, జుట్టు అన్నీ గమనిస్తారు. గమనించడంలో తప్పు లేదు. ఐదారేళ్ళు వచ్చేసరికి పెద్దవాళ్ళ ముఖాలు, మాటలు చూసి ఏది మంచిది, ఏది తక్కువది అని ఆ తేడాలకు విలువ కట్టడం మొదలుపెడతారు. ఒకటో తరగతి అంటే సరిగ్గా ఆ సమయం. మీరేమీ మాట్లాడకపోయినా వాళ్ళు నేర్చుకోవడం ఆగదు, ఇంటి దగ్గరా సంతలోనూ విన్నదే నేర్చుకుంటారు. ‘మనమందరం ఒకటే’ అని చెప్పి ఊరుకుంటే పిల్లలు నమ్మరు, ఎందుకంటే వాళ్ళ కళ్ళకు తేడా కనబడుతూనే ఉంది. ఆ తేడాను దాచకుండా పేరు పెట్టి మామూలుగా మాట్లాడాలి. దానితో ఎక్కువ తక్కువ అన్నది మాత్రం అతుక్కోకుండా చూడాలి. మన పని అంతా ఈ రెండింటి మధ్యనే.

ఇక బంతి సంగతి. పిల్లల్ని ‘మీకిష్టమైన చోట కూర్చోండి’ అని వదిలేసినంత కాలం ఈ గొడవ తీరదు. ఆరు రకాల ఆకులు తీసుకోండి: మామిడి, వేప, మోదుగ, టేకు, పనస, మర్రి. వాటి బొమ్మలు అట్టముక్కల మీద వేసి, ఒక్కో ఆకుకు ఐదు చొప్పున 30 కార్డులు చేయండి. సోమవారం పొద్దున పిల్లలు ఒక్కొక్కరూ ఒక కార్డు తీసుకుంటారు. శనివారం దాకా ఆ జట్టుతోనే కూర్చుని తింటారు. ఆరు జట్లు, వారానికి ఆరు రోజులు, కాబట్టి రోజుకో జట్టుది వడ్డన వంతు. వేడి అన్నం, పప్పు వంటమ్మే వడ్డించాలి, ఆరేళ్ళ పిల్లల చేతికి ఇవ్వకూడదు. కంచాలు అందించడం, మంచినీళ్ళు పోయడం, ఉప్పు పెట్టడం, అరటిపండ్లు పంచడం జట్టు చేస్తుంది. వారంలో ఒక రోజు ఆ పాప చేతి నీళ్ళు తరగతి మొత్తం తాగుతుంది. మీరూ వాళ్ళతోనే కూర్చుని, ఆ రోజు మొదటి గ్లాసు ఆమె చేత పోయించుకుని తాగండి.

కార్డులు నిజంగా లాటరీలా తీయించకండి. పిల్లలకు అలా కనిపిస్తే చాలు, కట్ట మాత్రం మీరే ముందుగా సర్దుకోవాలి. మొదటి రెండు వారాలు ఆ పాప జట్టులో ఎవరితోనైనా ఇట్టే కలిసిపోయే పిల్లలు ఇద్దరు ఉండేలా చూడండి. పక్కన కూర్చోనంటున్న ముగ్గురినీ మూడు వేర్వేరు జట్లకు విడదీయండి. ముగ్గురూ కలిసి ఉంటే ఒకరి పట్టుదల ఇంకొకరికి బలం. మూడో వారంలో వాళ్ళలో మెత్తటివాణ్ణి ఒకణ్ణి ఆమె జట్టులోకి తీసుకురండి, పక్కపక్కన కాకుండా ఎదురెదురుగా. మిగతా ఇద్దరినీ ఒక్కో వారం ఎడంతో తీసుకురండి. మొదటి రోజే ఆ ముగ్గురినీ లేపి ‘వెళ్ళి ఆమె పక్కన కూర్చోండి’ అంటే అందరి కళ్ళూ ఆ పాప మీద పడతాయి. ఆమెకది రెండో దెబ్బ.

ఆమె చేతి నీళ్ళు ఎవరైనా వద్దంటే బతిమాలవద్దు, తిట్టవద్దు, వడ్డించే మనిషిని మార్చవద్దు. ‘ఈ రోజు వంతు మోదుగాకు జట్టుది. నీ గ్లాసు ఇక్కడే ఉంటుంది, దాహమేస్తే తాగు’ అని చెప్పి ముందుకు వెళ్ళిపోండి. కంచం మాత్రం అప్పటికే వాడి ముందు ఉండాలి. ఆకలిని శిక్షగా వాడకూడదు. గుడ్డు కూర పెట్టే రోజు గుడ్డు తినని పిల్లల్ని వేరే వరసలో కూర్చోబెట్టే అలవాటు కొన్ని బళ్ళలో ఉంది, దాన్ని మానేయండి. వాళ్ళ జట్టులోనే ఉంచి కంచంలో అరటిపండు పెడితే సరిపోతుంది.

ఐదో తరగతిలో చదివే అన్నో అక్కో వచ్చి తమ్ముణ్ణి లేపి తీసుకుపోవడం తరచు జరిగేదే. ఆ తరగతి టీచరుకు ముందే చెప్పి ఉంచండి. జట్టు కూర్పు వెనుక పాత ఆలోచన ఒకటి ఉంది. 1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, వేర్వేరు గుంపుల మనుషుల్ని ఊరికే పక్కపక్కన ఉంచితే లాభం లేదనీ, నాలుగు కుదరాలనీ చెప్పాడు: ఇద్దరికీ సమాన స్థానం, ఉమ్మడి పని, ఒకరి సాయం ఒకరికి కావలసి రావడం, పైనున్న పెద్దల మద్దతు. వడ్డన వంతులో మొదటి మూడూ ఉన్నాయి. నాలుగోది మీరూ హెడ్‌మాస్టారూ ఇవ్వాలి. ఒక్కసారైనా హెడ్‌మాస్టారు వచ్చి పిల్లల బంతిలో కూర్చుని తింటే అది ఊళ్ళోకి వెళుతుంది.

ఈ దూరం వెనుక కులం ఉంటే, అంటే ఇంటి దగ్గర పెద్దలే ‘వాళ్ళ పక్కన తినకు’ అని నేర్పి పంపుతుంటే, దాన్ని పిల్లల అలకగా చూడకండి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. దళితులు, గిరిజనులపై అత్యాచారాల నిరోధానికి 1989 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. పిల్లలకు చట్టం చదివి వినిపించనక్కర్లేదు. బడి నిర్వహణ కమిటీ సమావేశంలో తల్లిదండ్రులకు మాత్రం స్పష్టంగా చెప్పాలి, తీర్మానం పుస్తకంలో రాయించాలి.

రెండో పని హాజరుపట్టీ. ఒడియాలో రాసిన పట్టీ చూసి పిలిచేటప్పుడు తెలుగు పేర్లు మారిపోతాయి. ‘వెంకటరమణ’ కాస్తా ‘భెంకట రొమొణ’ అవుతాడు, పిల్లలు నవ్వుతారు. తెలుగువాళ్ళ ఇంటిపేరు ముందు, ఒడియావాళ్ళ ఇంటిపేరు చివర. పట్టీలో తారుమారై పిల్లవాడు తన ఇంటిపేరుతో పిలిపించుకుంటాడు. గిరిజన పిల్లల విషయంలో ఇది మరీ అన్యాయంగా ఉంటుంది. సొంత పేరు పక్కనపెట్టి ఇంటిపేరుతో ‘ఏయ్ సబరా’, ‘ఒరే మండంగీ’ అని పిలుస్తారు. తరగతిలో నలుగురు సబరలుంటే నలుగురికీ అదే పిలుపు. ప్రతి ఇంటికీ కబురు పెట్టి, అమ్మ ఇంట్లో ఎలా పిలుస్తుందో అడిగి, పలికే తీరు తెలుగులోనో ఒడియాలోనో మీకు చదవడానికి వీలైన లిపిలో పట్టీ పక్కన పెన్సిలుతో రాసుకోండి. ఆధార్ కార్డులో పేరు, బడి పట్టీలో పేరు ఒకటేనా అని అదే సమయంలో చూడండి. ఇప్పుడు సరిచేయడం తేలిక, పదో తరగతి సర్టిఫికెట్ వచ్చాక సరిచేయించుకోవాలంటే ఆ కుటుంబం ఆఫీసుల చుట్టూ తిరగాలి.

భాష దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే మీ తరగతి గదిలో ఉన్న సంపద మైదానం బళ్ళలో దొరకదు. తెలుగు, కంధ ఇళ్ళలో మాట్లాడే కువి ద్రావిడ భాషలు. ఒడియా ఆర్యభాష. సవర ముండా కుటుంబానిది. మూడు భాషా కుటుంబాల పిల్లలు ఒకే చాప మీద కూర్చుంటున్నారు. ఒడిశా ప్రభుత్వం 2006-07లో పది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టింది. సవర, కుయి, కువి, కోయ అందులో ఉన్నాయి. మీ బ్లాకు ఆఫీసులో ఆ సవర, కువి పుస్తకాలు మిగిలి ఉన్నాయేమో అడిగి తెచ్చుకోండి. బొమ్మలకైనా పనికొస్తాయి.

ఒకరి భాష విని ఇంకొకరు నవ్వడాన్ని ఆపడానికి దగ్గరిదారి లెక్కలు. 13 చింతపిక్కలు నేల మీద పోయించండి. తెలుగు పిల్లలు పదమూడు అంటారు, అంటే పదీ మూడూ. ఒడియా పిల్లలు ‘తెరొ’ అంటారు, అందులో మూడు ముందు దాగి ఉంది. సవర పెద్దల లెక్కలో పన్నెండు దాకా వేర్వేరు పేర్లు, ఆ తర్వాత పన్నెండూ ఒకటీ, పన్నెండూ రెండూ అంటూ 19 దాకా వెళ్ళి, ఇరవై దగ్గర మళ్ళీ కొత్త కట్ట మొదలవుతుంది. ముప్పై రెండంటే ఇరవై, దాని మీద పన్నెండు. ఇప్పటి సవర పిల్లల్లో చాలామంది బయట ఒడియా అంకెలే వాడతారు, అందుకని ఒక తాతనో అవ్వనో పిలిపించి లెక్కించమనండి. అవే 13 పిక్కల్ని ఒకసారి 10, 3గానూ, మరోసారి 12, 1గానూ కుప్పలు పెట్టించండి. రెండు కుప్పలు కలిపితే మొత్తం మారలేదని పిల్లలే చూస్తారు. విడగొట్టి కూడడం అన్న పాఠం కూడా అక్కడే అయిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. తెలుగులో ‘ఇరవై ఒకటి’ అంటే ఇరవై ముందు వస్తుంది, ఒడియాలో ‘ఎకొఇసి’లో ఒకటి ముందు వస్తుంది. అందుకని ఒడియా ఇంటి పిల్లవాడు 21ని 12గా తిప్పి రాస్తే వాడు మొద్దని అనుకోకండి. చెవికి వినబడిన వరసలో రాశాడు, అంతే. పుల్లల కట్టలు చేతికిచ్చి పదుల కట్టలు ఎడమవైపు, విడి పుల్లలు కుడివైపు పెట్టించండి.

రోజూ ఐదు నిమిషాలు ఒక మాట మార్పిడి కూడా పెట్టుకోవచ్చు. నీళ్ళు, చెట్టు, కుక్క, వాన లాంటి కంటికి కనబడే వాటికి నాలుగు ఇళ్ళలో ఏమంటారో చెప్పించి, అందరి చేతా మూడుసార్లు అనిపించడం. రోజుకు ఒక్క వస్తువు, అంతకంటే ఎక్కువ వద్దు. ఇక్కడ జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. తరగతిలో కంధ పాప ఒక్కతే ఉంటే ఆమెను లేపి ‘మీ భాషలో చెప్పు’ అని అడగకండి. అడగ్గానే అందరూ ఆమె వైపు తిరుగుతారు, ఆమె బిగుసుకుపోతుంది. ముందు మీరే ఆ మాట ఆమె తల్లి దగ్గర నేర్చుకుని వచ్చి, తడబడుతూ అనండి, ‘సరిగ్గా అన్నానా?’ అని ఆమె వైపు చూడండి. సరిదిద్దడం ఆమెకు ఇష్టమైతే సరిదిద్దుతుంది, లేకపోతే లేదు. టీచరే తడబడుతూ నేర్చుకోవడం చూస్తే ఇంకొకరి తడబాటుకు పిల్లలు నవ్వడం తగ్గుతుంది.

తెలుగు ఇళ్ళ తల్లిదండ్రులు ‘మా పిల్లలకు తెలుగే రావడం లేదు, మీరు సవర నేర్పుతారా’ అని రావచ్చు. వాళ్ళ బాధ నిజమైనదే. సరిహద్దుకు ఇవతల తెలుగు పుస్తకం దొరకడమే కష్టం. భాషాపరంగా అల్పసంఖ్యలో ఉన్నవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటుకు రాష్ట్రాలు ప్రయత్నించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఏ అధికరణం చెబుతుంది. అది తెలుగు పిల్లలకు ఎంత వర్తిస్తుందో సవర పిల్లలకూ అంతే వర్తిస్తుంది. ఆ మాట వాళ్ళతో చెప్పండి. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో బడిపంతులు. వాడుక తెలుగు కోసం పోరాడిన ఆయనే సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. అవి 1931లో, 1938లో వెలువడ్డాయి. ఆగస్టు 29 ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినంగా జరుపుతాం కదా, మీ బడిలో ఆ రోజున తెలుగు పద్యం పక్కన ఒక సవర పాట కూడా పాడించండి. ఆ రోజుకు ఇంతకన్నా తగిన పని లేదు.

ఒంటి రంగు గురించి పిల్లలు అడిగితే గద్దించకండి. ‘వాడెందుకు నల్లగా ఉన్నాడు?’ అన్నది ప్రశ్న. ‘నల్లోడా’ అన్నది తిట్టు. రెండింటికీ ఒకే జవాబు ఇస్తే పిల్లలు అడగడం మానేసి, చాటుగా అనడం నేర్చుకుంటారు. ప్రశ్నకు సూటిగా చెప్పండి: చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం అందరికీ ఉంటుంది, కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. అమ్మానాన్నల నుంచి వస్తుంది, ఎండ నుంచి కాపాడుతుంది, కడిగితే పోదు, ముట్టుకుంటే అంటుకోదు. తర్వాత ఒక పూట రంగులు కలిపించండి. పోస్టర్ రంగుల్లో పసుపు నాలుగు చెంచాలు, ఎరుపు రెండు, నీలం అర చెంచా కలిపితే గోధుమవన్నె వస్తుంది. నీలం ఎక్కువైతే మురికి పచ్చగా మారిపోతుంది, అందుకని చుక్క చుక్కగా వేయాలి. దాన్ని ఆరు గిన్నెల్లోకి పంచి, ఒకదాన్ని అలాగే ఉంచండి. మూడింటిలో తెలుపు అర చెంచా, ఒకటి, రెండు చొప్పున వేయండి. ఒకదానిలో కొద్దిగా ఎరుపు, ఇంకొకదానిలో ఒక చుక్క నీలం. పిల్లలు ముంజేతి పక్కన చుక్క పెట్టుకుని చూసి, తమ రంగు వచ్చేదాకా తామే కలుపుకోవాలి. వచ్చిన రంగుకు పేరు కూడా వాళ్ళే పెట్టాలి: బెల్లం, చింతపండు, చోడి (రాగి) పిండి, ఎర్రమన్ను. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు గిన్నెలను తెలుపు నుంచి నలుపుకు వరసగా పేర్చడం. వరస పెడితే మెట్లు కనబడతాయి. గుండ్రంగా పెట్టండి. రంగు పెన్సిళ్ళ డబ్బాలో లేత గులాబీరంగును ‘ఒంటి రంగు’ అని పిలిచే అలవాటు తరగతిలో ఉంటే ఆ రోజుతో మాన్పించండి.

అన్నిటికంటే పని చేసేది గుడ్డబొమ్మ. ఖర్చు దాదాపు లేదు, పని మాత్రం ఓపికగా చేయాలి. పాత నూలు పంచెను టీ డికాక్షన్‌లో ఉడికించి ఆరబెడితే గోధుమరంగు గుడ్డ తయారవుతుంది. ఎంతసేపు ఉడికిస్తే అంత ముదురు. 45 నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తు, అంటే చంటిపిల్లంత బొమ్మ కుట్టి, బూరుగుదూదితో గానీ కత్తిరింపు గుడ్డలతో గానీ కూరండి. మరీ చిన్నదైతే ఆటబొమ్మ అయిపోతుంది, పిల్లలు దాన్ని మనిషిగా చూడరు. జుట్టుకు నల్ల ఊలు. ముఖంలో నవ్వు, ఏడుపు రెండూ వద్దు, మామూలుగా ఉండాలి. అప్పుడే ఏ కథకైనా సరిపోతుంది. బట్టలు బడి పిల్లలు వేసుకునేవే వేయండి, పండగ వేషం వద్దు. రెండు బొమ్మలకు తక్కువ ఉండకూడదు. నాలుగుంటే మేలు.

ప్రతి బొమ్మకూ ఒక నోటుపుస్తకం పెట్టండి. పేరు, వయసు, ఇంట్లో ఎవరెవరు, ఏ భాష, ఏం తింటారు, దేనికి భయం, దేనిలో గట్టి, దేవుడికి ఎలా దండం పెట్టుకుంటారు, ఇవన్నీ రాసుకోండి. రాసింది మరిచిపోతే పిల్లలు పట్టేసుకుంటారు, ఆ రోజుతో నమ్మకం పోతుంది. తరగతిలో ఉన్న ఏ పిల్ల పేరూ, ఏ పిల్ల ఇంటి పరిస్థితీ బొమ్మకు పెట్టకండి. బొమ్మ అలమరలో ఎత్తుగా ఉంటుంది, మీ చేతుల మీదుగానే వస్తుంది, ఆటకు ఇవ్వరు. వారానికి ఒకసారి, పదిహేను నిమిషాలు.

ఉదాహరణకు సుకాంతి అనే ఆరేళ్ళ బొమ్మ. కొండ ఊరు, ఇంట్లో సవర మాట్లాడతారు, అవ్వంటే ప్రాణం, చెట్లెక్కడంలో గట్టి, ఉరుములంటే భయం. మొదటి రెండు వారాలు పరిచయం మాత్రమే. పన్ను ఊడిందనో, మేకపిల్ల పుట్టిందనో చెప్పండి. పిల్లలు ఆమె కోసం ఎదురుచూడడం మొదలయ్యాకే కష్టం తీసుకురండి. మూడో వారం సుకాంతి తల వంచుకుని వస్తుంది. మీ చెవిలో ఏదో చెబుతుంది, మీరు పిల్లలకు చెబుతారు. ‘పిక్నిక్కు రోజు సుకాంతి డబ్బాలో చోడి అంబలి తెచ్చుకుందట. పక్కనున్న పిల్ల ముక్కు మూసుకుని జరిగి కూర్చుందట.’ ఇక్కడ ఆగండి. ప్రశ్నల వరస ముఖ్యం. సుకాంతికి ఎలా అనిపించి ఉంటుంది? మీకెప్పుడైనా అలా అనిపించిందా? మరి ఇప్పుడు సుకాంతి ఏం చెయ్యొచ్చు? పక్కనున్న మనం ఏం చెయ్యొచ్చు? రెండో ప్రశ్న దగ్గర పిల్లలు తమ సంగతులు చెప్పుకుంటారు, దాన్ని తొందరపెట్టకండి. ఆఖరి ప్రశ్నకు వచ్చిన జవాబులన్నీ బోర్డు మీద రాయండి, ‘దాన్ని కొట్టాలి’ అన్న జవాబుతో సహా. ఒక్కోటి చదివి, అలా చేస్తే తర్వాత ఏమవుతుందో అడగండి. ఏది మంచిదో మీరు చెప్పేస్తే అది నీతికథ అయిపోతుంది, పిల్లలు ‘తప్పు టీచర్’ అని ముక్తకంఠంతో చెప్పి బయటికెళ్ళి పాత పనే చేస్తారు. ‘మన తరగతిలో ఇలా ఎవరు చేశారు?’ అని మాత్రం ఎన్నడూ అడగవద్దు. బొమ్మ ఉన్నది ఆ వేలు చూపించే పని తప్పించడానికే.

ప్రతిసారీ ఏడ్చేది సవర బొమ్మే అయితే పిల్లల మనసులో సవర అంటే పాపం అన్న ముద్ర పడుతుంది. జాలి కూడా ఒక రకం దూరమే. అందుకని మరుసటి వారం తెలుగు బొమ్మ రాయగడ బజారులో ఒడియా తప్పుగా మాట్లాడితే కొట్టువాడు నవ్వాడని చెప్పండి. ఆ పై వారం ఒడియా బొమ్మ కొండదారిలో తప్పిపోతే సుకాంతి దారి చూపించాలి. ఇంకో వారం అసలు ఏ కష్టమూ లేకుండా అందరూ ఊయల ఊగారని చెప్పండి. ఒడియా ఇళ్ళలో ఊయలలూగే రొజొ పండగ నెలయితే ఇంకా బాగుంటుంది. నడక కష్టమై కాలికి ఊతపట్టీ వేసుకుని నడిచే బొమ్మ ఒకటి, అమ్మ మాత్రమే ఉన్న ఇంటి బొమ్మ ఒకటి కూడా ఉండాలి. తేడా అంటే భాష, తెగ మాత్రమే కాదు కదా.

ఇంటర్నెట్‌లో కనబడే ఒక ప్రయోగం గురించి హెచ్చరించాలి. 1968లో అమెరికాలో జేన్ ఎలియట్ అనే టీచరు మూడో తరగతి పిల్లల్ని కళ్ళ రంగును బట్టి రెండుగా విడదీసి, ఒక రోజు ఒక గుంపును, మర్నాడు రెండో గుంపును తక్కువవాళ్ళుగా చూసింది. వివక్ష ఎంత త్వరగా పుడుతుందో చూపడానికి అది పేరు పొందింది. మీ తరగతిలో చేయకండి. రోజూ నిజంగానే తక్కువగా చూడబడే పిల్లకు ఇంకో నకిలీ రోజు అక్కర్లేదు. ఆరేళ్ళవాళ్ళకు ఆటకూ నిజానికీ మధ్య గీత అంత గట్టిగా ఉండదు కూడా.

తిట్టు వినబడిన ఆ నిమిషంలో ఏం చేయాలో ముందే అలవాటు చేసుకోండి, అప్పటికప్పుడు మాట రాదు. మొదట తిట్టు తిన్న పిల్ల దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేయండి. తర్వాత మామూలు గొంతుతో అందరికీ వినబడేలా: ‘ఆ మాట మన తరగతిలో అనం. అది నొప్పి పెడుతుంది.’ అంతటితో పాఠంలోకి వెళ్ళిపోండి. అన్నవాడితో తర్వాత ఒంటరిగా కూర్చుని, ‘ఆ మాట ఎక్కడ విన్నావు?’ అని అడగండి. నిజమైన ఆసక్తితో అడగాలి, నిలదీసినట్టు కాదు. ‘సారీ చెప్పు’ అని బలవంతం చేస్తే పెదవులతో అంటాడు. దాని బదులు చిన్న పని ఒప్పించండి, ఆమె చాప పరచడమో, వడ్డన రోజు ఆమెతో కలిసి నీళ్ళ బిందె మోయడమో. గుంజీలు, బెంచీ ఎక్కించడం వద్దు. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలనే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. పైగా శిక్ష పడిన కోపాన్ని వాడు ఆ పాప మీదే తీర్చుకుంటాడు.

ఇప్పుడు ఆగస్టు 15. ఆకుల లంగాలు, తల మీద ఈకలు, ముఖానికి నల్లరంగు పూసి ‘గిరిజన నృత్యం’ అని వేయించే వేషాలను ఒప్పుకోకండి. చూస్తున్న సవర, కంధ తల్లిదండ్రుల్లో ఎవరూ అలా ఉండరు. తమ పిల్లల చేత తమనే బొమ్మ చేయించినట్టు వాళ్ళకు అనిపిస్తుంది. సవర గోడబొమ్మ ఇడితాల్‌ను అట్టల మీద వేయించడం కూడా ఈ మధ్య ఎక్కువైంది. అది పూర్వీకుల కోసం, దేవతల కోసం పూజతో గీసేది. ఊళ్ళో పెద్దల్ని అడిగి, వాళ్ళు ఒప్పుకుంటే, వాళ్ళే వచ్చి చూపిస్తేనే చేయించండి. పైవాళ్ళకు కార్యక్రమం కావాలి కాబట్టి ఒకటి ఇలా చేయవచ్చు. ప్రతి ఇంటినీ ఒకే ప్రశ్న అడిగించండి: కొత్త పంట వచ్చినప్పుడు మొదటి ముద్ద ఎవరికి పెడతారు? తెలుగు ఇంట్లో సంక్రాంతి కొత్తబియ్యం, ఒడియా ఇంట్లో నూఆఖాయి, కొండ ఊళ్ళలో కందికొత్త, క్రైస్తవులైన సవర ఇళ్ళలో గుడికి తీసుకెళ్ళే కోత కానుక. పిల్లలు మామూలు యూనిఫాంలోనే, చేతిలో వాళ్ళ ఇంటి గుప్పెడు గింజలు పట్టుకుని, ఇంటి మాటలో రెండు వాక్యాలు చెబుతారు. పదిహేను నిమిషాల కార్యక్రమం, తయారీకి రెండు వారాలు చాలు. ఏ ఇంటివాళ్ళు పండగ చేసుకోకపోతే ఆ పిల్ల ‘మా ఇంట్లో ఏం పండించాం’ అన్నది చెబుతుంది.

వీటన్నిటినీ ఒకేసారి ఎత్తుకోకండి. మొదటి నెల బంతి, పేర్లు. రెండో నెల లెక్కలు, బొమ్మ. రంగుల పూట ఎప్పుడైనా సరే. నెలకు రెండుసార్లు, ఆట విరామంలో పది నిమిషాలు వరండాలో నిలబడి, ఎవరు ఎవరితో ఆడుతున్నారో ఒక కాగితం మీద పేర్ల మధ్య గీతలుగా గీసుకోండి. పిల్లలకు చెప్పకుండా చేయాలి. ఏ గీతా లేని పేరు ఏదో చూసి, వచ్చే సోమవారం కార్డులు దాన్ని బట్టి సర్దండి. రెండు నెలలు గడిచినా ఆ ముగ్గురిలో ఒకరు కదలకపోతే అది ఇక పిల్లవాడి దగ్గర తేలే పని కాదు. హెడ్‌మాస్టారును వెంటబెట్టుకుని సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళండి. ఫిర్యాదుతో మొదలుపెట్టకుండా వాడు బాగా చేస్తున్న పని ఒకటి ముందు చెప్పి, ఆ తర్వాత బంతి మాట ఎత్తండి. వీలైతే నాయనమ్మ కూడా ఉన్న సమయం చూసుకోండి, ఈ విషయంలో ఇంట్లో మాట చెల్లేది తరచు ఆవిడదే.